అత్తరు భాయ్ కారు

చిత్తూరు బజారు వీధిలో ఫకృద్దీన్ భాయ్ ముక్కుకున్న పేరు ఆయనకు లేదు. ఆయన అసలు పేరు తెలియనివాళ్ళు కూడా "అత్తరు భాయ్" అనగానే అంగడికి దారి చెబుతారు. ఉరుసుకు గంధం కలిపేది ఆయనే. ముహూర్తాలు మొదలైతే పన్నీరుకూ, జవ్వాదికీ, పెళ్ళికూతురి అత్తరుకూ అన్ని కులాలవాళ్ళూ ఆ మెట్లే ఎక్కుతారు. పిల్ల మణికట్టు మీద ఒక బొట్టు రాసి, ఒంటి వేడికి ఆ వాసన ఎలా తిరుగుతుందో కాసేపు ఆగి చూసి, ఆ పిల్లకు తగ్గట్టు కలిపి ఇవ్వడం ఆయనకు తండ్రి నేర్పిన విద్య. కల్తీ గంధం నూనె తెచ్చినవాణ్ణి సీసా మూత తీయకముందే వెనక్కి పంపేవాడని చెప్పుకుంటారు. అందులో సగం అబద్ధమే అయినా, మిగిలిన సగంతో ఒక మనిషి జన్మంతా దర్జాగా బతకొచ్చు.

అలాంటి ముక్కు కాస్తా పోయింది.

కరోనా రెండో విడత జ్వరంలో పోయింది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, నాలుగు మెతుకులు తినే ఓపిక వచ్చింది, వాసన మాత్రం రాలేదు. అందరికీ పోయినట్టే పోయింది, అందరికీ వచ్చినట్టే వస్తుందిలే అనుకున్నాడు. అందరికీ వచ్చింది కూడా. భాయ్ మాత్రం పొద్దున్నే అందరికంటే ముందు అంగడి తెరిచి, ఒక్కో సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. మల్లె, గులాబీ, కస్తూరి, గంధం, అన్నీ మంచినీళ్ళే. మళ్ళీ మూతలు పెట్టేసి, ఏమీ జరగనట్టు బోణీ కోసం కూర్చునేవాడు.

పాటగాడికి గొంతు పోతే జనం అయ్యో అంటారు. అత్తరు వ్యాపారికి ముక్కు పోతే పక్క అంగడికి పోతారు. ఆ సంగతి తెలిసినవాడు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. భార్య వహీదున్నీసాకు కూడా చెప్పలేదు. ఆమె వండిన బిర్యానీ ముందు కూర్చుని, ఆవిరి మొహానికి తగలగానే కళ్ళు మూసుకుని "వాహ్" అనేవాడు. ఆమె మురిసిపోయేది. ఆ మురిపెం చూసి ఇంకో గరిటె వేయించుకునేవాడు.

మరి మూడేళ్ళు వ్యాపారం ఎలా నడిచిందంటే, కూతురు అంబ్రీన్ వల్ల నడిచింది. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న పిల్లను అంగట్లో కూర్చోబెట్టుకుని విద్య నేర్పుతున్నానన్నాడు. కొత్త సరుకు వచ్చినా, కొత్త పెళ్ళికూతురు వచ్చినా ముందు ఆ పిల్లను పిలిచేవాడు. "ఇదేందో చెప్పు చూద్దాం" అనేవాడు. అంబ్రీన్ వాసన చూసి, గంధం ఎక్కువైందనో, గులాబీ తేలిపోతోందనో చెప్పేది. ఆయన గంభీరంగా తల ఊపి, "ఊఁ, పరవాలేదు, నేర్చుకుంటా ఉండావు" అని, ఆ పిల్ల చెప్పినట్టే చుక్కలు పోసేవాడు. పరీక్ష పెట్టే అయ్యవారికి జవాబు తెలియదని ఎవరు అనుకుంటారు? ఆడపిల్లకు ఇంత ఓర్పుగా నేర్పే తండ్రి యాడుంటాడని వచ్చినవాళ్ళు మెచ్చుకుని పోయేవారు.

ఇదంతా ఇలాగే నడిచిపోయేదేమో, మధ్యలో కారు రాకపోతే.

పెద్ద కారు మీద ఆశ ఆయనకు ఇప్పటిది కాదు. కళ్యాణమండపాలకు పన్నీరు డబ్బాలు మోపెడ్ మీద కట్టుకుని పోయిన రోజుల నుంచీ ఉంది. మండపం లోపల నలుగురూ ఆహా అనే పరిమళం ఆయనదే. గేటు దగ్గర వాచ్‌మన్ మాత్రం "సామాను పక్క గేటు నుంచి సాయిబూ" అనేవాడు. ఆ పక్క గేటు పొయ్యిల పక్కనా, ఎంగిలాకుల పక్కనా ఉంటుంది. ఒక్కసారైనా ముందు గేటు నుంచి, ఆ వాచ్‌మన్ సలాము కొడుతుండగా పోవాలని ఆయన కోరిక. కొత్త పెద్ద కారు కొనే తాహతు లేదు. అయితే చెన్నైలో వరదలు వచ్చిన మరుసటి ఏడు, తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపు ఉన్న ఒక పాత కార్ల యార్డులో జర్మనీ కారొకటి కొత్త చిన్న కారు వెలకే వస్తుందని తెలిసింది. ముహూర్తాల రోజు కావడంతో అంబ్రీన్‌ను అంగట్లో కూర్చోబెట్టి, భాయ్ ఒక్కడే బస్సెక్కాడు.

యార్డు మునిశేఖర్ అనే మనిషిది. మెడలో పులిగోరు, నోట్లో తేనె. నల్లగా నిగనిగలాడే కారు తలుపు తెరిచి, భాయ్‌ని కూర్చోబెట్టి, తలుపు వేశాడు. ఆ తలుపు మూసుకున్న చప్పుడు విని భాయ్ మనసు పారేసుకున్నాడు. చిన్న కార్ల తలుపులు రేకు డబ్బాల్లా చప్పుడు చేస్తాయి. ఇది మెత్తగా, దిండు మీద దిండు వేసినట్టు మూసుకుంది. అంతే, రోడ్డు మీది లారీలు, హారన్లు అన్నీ ఆగిపోయాయి. చేతికింద తోలు చల్లగా, నున్నగా ఉంది. వాసనల లోకం పోగొట్టుకున్న మనిషికి మిగిలింది స్పర్శా, నిశ్శబ్దమే కదా. ఆ రెండూ ఇక్కడ దండిగా ఉన్నాయి. మూడేళ్ళలో మొదటిసారి ఆయనకు ఏదో తనకు తిరిగి వచ్చినట్టనిపించింది.

కిందికి దిగాక, ఎందుకైనా మంచిదని, వరదలో మునిగిన బండి కాదు కదా అని అడిగాడు. మునిశేఖర్ నోరు తెరిచేలోపే, అక్కడ నిలబడిన నలుగురిలో వరదయ్య అనే బ్రోకరు ఆయన్ను గుర్తుపట్టాడు.

"ఈయన చిత్తూరు అత్తరు భాయ్ గదప్పా! మునిగిన బండైతే వాసన దాగుతాదా? ఆయన ముక్కు పెట్టి చూస్తే సరిపోలా, మెకానిక్కు ఎందుకు?"

అందరూ అవునన్నారు. మునిశేఖర్ మొహం ఒక్క క్షణం వాడిపోయింది. ఎండలో ఎందుకులే, రేపు తీరిగ్గా చూడొచ్చులే అని ఏదో గొణిగాడు. భాయ్ ఆ వాడిపోవడం గమనించలేదు. ఆయన బాధ ఆయనది. నలుగురు ఆయన ముక్కు వైపు చూస్తున్నారు. చూడనంటే ఎందుకు చూడవంటారు. అందుకని మళ్ళీ కార్లో కూర్చుని, కళ్ళు మూసుకుని, గుండెనిండా గాలి పీల్చి, అలవాటైన గాంభీర్యంతో తల ఊపాడు.

"అసలు తోలు. మంచి బండి" అన్నాడు.

మునిశేఖర్ ఆయన వైపు వింతగా చూశాడు. చూసి చూసి, మెల్లగా నవ్వాడు. ఆ నవ్వు భాయ్‌కి తరవాత చాలా రోజులు నిద్రలో కూడా కనిపించింది. ఆ రోజు మాత్రం మర్యాద నవ్వే అనుకున్నాడు. తన ముక్కే మంచిదన్నాక మెకానిక్కును పిలిస్తే తన ముక్కును తానే అవమానించుకున్నట్టు. కాబట్టి పిలవలేదు. కాగితాలు అయ్యాయి, కారు చిత్తూరు వచ్చింది.

ఇంటి ముందు ఆపి, భార్యాబిడ్డలను ఎక్కమన్నాడు. వహీదున్నీసా బిస్మిల్లా చెప్పుకుని ముందు సీట్లో కూర్చుంది. కూర్చున్న మరుక్షణం దుపట్టా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏందిది, ఎలక చచ్చినట్టుండాది?"

భాయ్ అద్దంలో వెనక సీటు వైపు చూశాడు. అంబ్రీన్ ఆయన కళ్ళలోకే చూస్తోంది. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు, చాలా సేపు చూసింది. ఆ చూపు భరించలేక ఆయన స్టీరింగు వైపు తిరిగాడు.

"తోలు వాసన" అన్నాడు. "పెద్ద కార్లకు అసలు తోలు వేస్తారు. కొత్తగా ఎక్కినోళ్ళకు అట్లే ఉంటాది."

"మీరు చెప్తే సరే" అంది వహీదున్నీసా, కొంగు తీయకుండానే.

ఇక్కడే ఆయన ఇరుక్కున్నాడు. కంపు అని ఒప్పుకుంటే, కొనేటప్పుడు ముక్కు ఏమైందని అడుగుతారు. కంపు కాదంటే, జన్మంతా ఈ కంపులోనే తిరగాలి. ఆయనకు ఆ కంపు తెలియదు, అదొక్కటే సుఖం, అదే శాపం కూడా. మర్నాడే తిరుపతి పోయి మునిశేఖర్‌ను పట్టుకున్నాడు. బండి మునిగిన బండేనని, వెనక్కి తీసుకొమ్మని అడిగాడు. మునిశేఖర్ కోప్పడలేదు. కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, అప్పుడు చెప్పాడు.

"నలుగురి ముందర ముక్కు పెట్టి చూసి మంచి బండి అంటిరి గదా భాయ్. ఇప్పుడు కంపు కొడతా ఉందంటే, ఆ పొద్దు మీ ముక్కు యాడికి పోయిందని అడగరా?" కాస్త ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "నేను ఆ పొద్దే కనిపెట్టినా. మీ ముక్కు సంగతి నాతోనే ఉంటాది. బండి సంగతి మీతోనే పెట్టుకోండి."

తేలు కుట్టిన దొంగ అరవగలడా? భాయ్ కాఫీ తాగి లేచి వచ్చాడు. ఆ కాఫీకి కూడా వాసన లేదు.

తరవాతి రోజులన్నీ ఆ కారును కాచుకోవడంతోనే సరిపోయాయి. అంగట్లో అమ్ముడుపోని అత్తర్లన్నీ సీట్ల కింద పోశాడు. దాంతో బురద వాసన పోలేదు సరికదా, అత్తరు కలిసిన బురద వాసన వచ్చింది. వహీదున్నీసాకు తలనొప్పి పట్టుకుంది. కారు లోపలి తెర మీద ఎర్ర దీపాలు వెలిగేవి, ఆరేవి. వాన పడితే అద్దాలు వాటంతట అవే దిగేవి, ఎండ కాస్తే ఎక్కిన అద్దం దిగేది కాదు. ఒక్క చిన్న సామాను మార్చాలంటే చెన్నై నుంచి రావాలనేవారు, అది వచ్చేలోపు ఇంకోటి పోయేది. ఏనుగును ఎవడైనా కొంటాడు, మేపడమే కష్టం. మెకానిక్కులకు చూపిద్దామంటే సీట్లు ఎత్తుతారు, బురద బయటపడుతుంది, ఊరంతా తెలుస్తుంది. అందుకని వాళ్ళ దగ్గరికీ పోలేడు. అమ్ముదామంటే కొనేవాడికి ముక్కు ఉంటుంది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం నమాజు నుంచి వచ్చి అంగడి ఎదురుగా కారు ఆపగానే, తాళాలన్నీ టక్కుమని పడిపోయాయి. మీట నొక్కితే రావు. అద్దం దిగదు. ఇంజను ఆగిపోయింది, చల్లగాలి ఆగిపోయింది, హారన్ కూడా మూగబోయింది. నడినెత్తిన చిత్తూరు ఎండ. అద్దాల మీద గుద్దుదామని చేయెత్తాడు. అదే సమయానికి ఇద్దరు తెలిసినవాళ్ళు పోతూ ఆయనకు సలాము పెట్టారు, లోపల ఏసీలో హాయిగా కూర్చున్నాడని కళ్ళలో కుళ్ళు కూడా కనబడింది. భాయ్ ఎత్తిన చేత్తో తిరిగి సలాము పెట్టి, చిరునవ్వు నవ్వాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది, ఊపిరి అందడం లేదు, భయమేస్తోంది, అయినా నవ్వుతూనే ఉన్నాడు. నేను ఇందులోనే పోతానేమో, పోయినా జనం ఎంత దర్జాగా పోయాడో అంటారేమో అనుకున్నాడు. చివరికి అంబ్రీన్ అంగట్లోంచి చూసి, రెండో తాళంచెవి తెచ్చి తలుపు తీసింది. ఆయన దిగగానే ఆమె ఒక చెంబు నీళ్ళు అందించింది. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేసేవాడేమో.

విచిత్రమేమంటే, ఊరు ఆయన మాట నమ్మింది. అత్తరు భాయ్ అంతటివాడు తోలు వాసన అంటే అది తోలు వాసనే. కారెక్కినవాళ్ళు మొదట ముక్కు మూసుకున్నా, మనకు అలవాటు లేదు గాని గొప్పోళ్ళ కార్లు అట్లనే ఉంటాయంట అని సర్దుకున్నారు. ముందు గేటు దగ్గర వాచ్‌మన్ సలాము కూడా కొట్టాడు. ఆ సలాము తీసుకుంటుంటే భాయ్‌కి ఏడుపొచ్చింది.

ఆ మాట నమ్మినవాళ్ళలో దేవరాజులు ఒకడు. పూతలపట్టు దగ్గర మామిడితోపుల ఆసామి, భాయ్‌తో కలిసి చదువుకున్నవాడు. చిత్తూరు వచ్చిన రోజు భాయ్ అంగట్లో టీ తాగనిదే వెనక్కి పోడు. ఆయన భార్య వరదమ్మకు ఆయాసం. నాలుగడుగులు వేస్తే ఊపిరి ఎగబడుతుంది. తిరుపతిలో పెద్దాసుపత్రికి తరచూ తీసుకుపోవాలి. బస్సు కుదుపులకూ పొగకూ ఆమె దారిలోనే అల్లాడిపోతుంది. మే నెలలో మామిడికాయలు తోలాక దేవరాజులు వచ్చి, ఆమె కోసం నీ మాదిరి కారు ఒకటి తీసుకుంటానన్నాడు. మెత్తగా పోయేది, అద్దాలు ఎక్కిస్తే దుమ్ము చొరబడనిది. మునిశేఖర్ దగ్గర ఒకటి ఉందంట, మాట్లాడి వచ్చాడంట.

"నీ స్నేహితుడు అత్తరు భాయ్‌ని తోడుకోని రా, ఆయన వాసన చూసి సరే అంటేనే తీసుకో అన్నాడప్పా మునిశేఖర్. మంచి మనిషి" అన్నాడు దేవరాజులు.

భాయ్ టీ గ్లాసు కింద పెట్టాడు. తన ముక్కును మునిశేఖర్ తన యార్డుకు ముద్రగా వాడుకుంటున్నాడు. కుడితిలో పడ్డ ఎలుక ఎటు ఈదినా కుడితే. రానంటే దేవరాజులు నొచ్చుకుంటాడు, ఒక్కడే పోయి కొనేస్తాడు. ఎలాగూ అంబ్రీన్ ఉంది కదా అని ధైర్యం తెచ్చుకున్నాడు. పిల్లను వెనక సీట్లో కూర్చోబెట్టి, అలవాటు ప్రకారం "ఇదేందో చెప్పు" అంటే సరిపోతుంది. ముగ్గురూ భాయ్ కారులోనే తిరుపతి పోయారు. దారిపొడుగునా దేవరాజులు ముక్కుకు టవలు అడ్డం పెట్టుకుని, తోలు మంచిదే గాని ఘాటు ఎక్కువబ్బా అంటూ వచ్చాడు.

యార్డులో తెల్ల కారు ఎండలో మెరుస్తోంది. వరదయ్యా, ఆనాటి మనుషులే ఇంకో ఇద్దరూ అక్కడే ఉన్నారు. తలుపు తీయగానే అంబ్రీన్ వెనక సీట్లోకి పోయి కూర్చుంది. భాయ్ ముందు సీట్లో కూర్చుని, వెనక్కి తిరిగి అడగబోయాడు. మునిశేఖర్ తలుపు పట్టుకుని వంగాడు.

"పాపకు ఎండ దెబ్బ తగులుతాది. పోమ్మా, ఆఫీసులో ఫ్యాను కింద కూర్చో, మజ్జిగ తాగు. వాసన చూసేది నాయన పని గదా."

చెబుతూ భాయ్ వైపే చూశాడు. అన్నీ తెలిసినవాడి చూపు అది. అంబ్రీన్ తండ్రి వైపు చూసింది. ఆయన వద్దు, ఉండనీ అనలేకపోయాడు. ఎందుకు ఉండాలో చెప్పాలి కదా. అంబ్రీన్ దిగి, ఆఫీసు గుమ్మం దగ్గరికి పోయి నిలబడింది. మునిశేఖర్ తలుపు వేశాడు. మెత్తగా, దిండు మీద దిండు వేసినట్టు. లోకం ఆగిపోయింది.

భాయ్ గాలి పీల్చాడు. ఏమీ లేదు. ఎప్పుడూ ఏమీ ఉండదు. గిరాకీల మొహాలు చదివి మూడేళ్ళు నెట్టుకొచ్చినవాడు కాబట్టి, అద్దంలోంచి మునిశేఖర్ మొహం చదవబోయాడు. మంచి బండికీ చెడ్డ బండికీ ఆ మొహం మీద ఒకటే నవ్వు. దాని పక్కనే దేవరాజులు, టవలు చేతుల్లో నలుపుతూ, పరీక్ష ఫలితం కోసం నిలబడిన పిల్లాడిలా చూస్తున్నాడు. మంచి బండి అంటే, అద్దాలెక్కించుకుని వరదమ్మ ఈ గాలే పీలుస్తుంది. అందులో ఏముందో తనకు తెలియదు. చెడ్డ బండి అంటే మునిశేఖర్ ఇక్కడే, ఇప్పుడే నోరు విప్పుతాడు. తన కారులో తాళాలు పడిపోయిన మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఆ రోజు లోపల తానొక్కడే ఉన్నాడు కాబట్టి నవ్వుతూ కూర్చున్నాడు. ఈసారి లోపల కూర్చునేది ఊపిరాడని మనిషి.

తలుపు తీసుకుని దిగాడు.

"నాకు తెల్దు రాజులూ" అన్నాడు.

"ఏం తెల్దు?"

"వాసన తెల్దు. కరోనాలో పోయింది. మళ్ళా రాలా. ఈ బండి మంచిదో కాదో నేను చెప్పలేను."

దేవరాజులు నవ్వాడు, ఆ నవ్వు మధ్యలోనే చేదైంది. పోయిన నెల మా మేనకోడలి పెళ్ళికి అత్తరు కలిపిచ్చింది నువ్వు కాదా, మండపమంతా దాని గురించే చెప్పుకున్నారే అన్నాడు. ముక్కు లేనోడు కలిపే అత్తరా అది అన్నాడు. ఇంకొంచెం ఆగి, అసలు మాట అనేశాడు.

"నా ఇంటి ముందర గూడా ఇట్లాంటి బండి నిలబడితే నీకెందుకప్పా కడుపుమంట?"

అది భాయ్‌కి చెంపదెబ్బలా తగిలింది. నిజం చెప్పాడు, నిజాన్ని నమ్మేవాడు లేడు. ముక్కు ఉన్నట్టు నటించడం మూడేళ్ళూ చేశాడు. లేదని రుజువు చేయడం ఎలాగో ఆయనకు తెలియలేదు. మునిశేఖర్ పక్కనుంచి మెల్లగా, భాయ్ తమాషా చేస్తా ఉండాడు అన్నాడు.

భాయ్ తన నల్ల కారు దగ్గరికి పోయి, ముందు తలుపు తెరిచి, కింద పరిచిన తివాచీ అంచు పట్టుకుని రెండు చేతులా లాగాడు. అది చిరుగుతూ లేచి వచ్చింది. దాని కింద నల్లటి ఒండ్రు, ఇంకా తడి ఆరలేదు. అందులో ఒక నత్తగుల్ల కూడా ఉంది. తలుపు దగ్గరికి వచ్చిన దేవరాజులు ఒక్కసారిగా మొహం తిప్పుకుని వెనక్కి గెంతి ఉమ్మేశాడు. వరదయ్య ముక్కు పట్టుకుని దూరం జరిగాడు. భాయ్ ఆ ఒండ్రు దోసిట్లోకి తీసుకుని, ముక్కుకు ఆనించుకుని, కళ్ళు మూసుకుని, పెళ్ళికూతురి అత్తరు చూసినంత నిదానంగా పీల్చాడు. మొహంలో ఒక్క నరం కదల్లేదు. పీల్చి, కళ్ళు తెరిచి, మళ్ళీ పీల్చాడు.

"దీన్నే నేను అసలు తోలు అన్నా" అన్నాడు. "నా మాట నమ్మి నీ పెండ్లాన్ని ఇంగో దాంట్లో కూర్చోబెట్టాకు."

దేవరాజులు చాలాసేపు ఆయన చేతుల వైపే చూశాడు. కోపం పోయింది, దాని స్థానంలో వచ్చింది కోపం కంటే బరువైనది.

"మరి ఆ పెళ్ళి అత్తరు?"

"చుక్కలు పోసింది నేను. వాసన చూసింది అంబ్రీన్."

"వచ్చినప్పుడల్లా నీ అంగట్లో కూర్చోని టీ తాగితినే. నాకు గూడా చెప్పలేకపోతివా?"

దేవరాజులు టవలు భుజాన వేసుకుని, నేను బస్సుకు పోతాలే అని, వెనక్కి చూడకుండా రోడ్డెక్కాడు. మునిశేఖర్ ఫోను మాట్లాడుతున్నట్టు పక్కకు తప్పుకున్నాడు. వరదయ్య మాత్రం భాయ్ వైపు జాలిగా చూశాడు. రేపు పొద్దుటికి ఈ జాలి బజారు వీధికి చేరుతుందని భాయ్‌కి తెలుసు. కొళాయి దగ్గర చేతులు ఎంతసేపు కడుక్కున్నా, శుభ్రమయ్యాయో లేదో ఆయనకు తెలియదు. అంబ్రీన్ వచ్చి, ఆ చేతులు వాసన చూసి, చాలులే అంది.

కారు చంద్రగిరి దాటింది. అదృష్టం కొద్దీ ఆ రోజు అద్దాలు దిగే ఉన్నాయి. వేడిగాలి మొహాన కొడుతోంది. ముందు ముందు అంగడి ఏమవుతుందో, వహీదున్నీసాకు ఏమని చెప్పాలో ఆలోచించే ఓపిక కూడా భాయ్‌కి లేదు.

"నీకు ముందే తెలుసునా?" అన్నాడు చివరికి.

"కారు ఇంటికొచ్చిన దినమే తెలిసింది."

ఆయన తల ఊపాడు. ఇంకాస్త దూరం పోయాక, ఇప్పుడు పరీక్షకు కాకుండా, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

"ఆ తెల్ల బండి గూడా ఇట్లనే ఉండెనా అమ్మా?"

"లేదు అబ్బాజాన్. దానికేం లేదు. కొంచెం పాత తోలు, కొంచెం సిగరెట్టు, అంతే. నీళ్ళల్లో మునిగిన బండి కాదది."

భాయ్ కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. కారు రోడ్డు పక్కన మామిడితోపు నీడలో ఆగింది. మునిశేఖర్ పిల్లను దింపింది కంపు దాచడానికి కాదు, మంచి బండికీ తన పేరే ముద్రగా పడాలని. ఆ మంచి బండిని ఆపడానికా తాను పేరు తగలబెట్టుకున్నది? నలుగురి ముందర బురద ముక్కుకు పూసుకున్నది? ఆయనకు కోపం ఎవరి మీద రావాలో తెలియక కూతురి మీద వచ్చింది.

"మరి ఆడ నోరు మూసుకోని ఎందుకు నిలబడితివి? ఒక్క మాట చెప్పి ఉంటే ఏమి?"

అంబ్రీన్ ఆయన వైపు తిరిగింది.

"నన్నెవరు అడిగినారు?"

ఆయన ఇంజను ఆపేశాడు. దేవరాజులు తనను అడిగాడు. మునిశేఖర్ తనను అడిగాడు. ముక్కు లేదని మొత్తుకుంటున్న మనిషి చుట్టూ అంతమంది మూగి అంతసేపు వాదించారు. అత్తరుకు వాసన చూసింది ఈ పిల్ల అని తన నోటితోనే చెప్పాడు. అప్పుడు కూడా ఆఫీసు గుమ్మం వైపు తల తిప్పినవాడు లేడు. తాను కూడా తిప్పలేదు. మూడేళ్ళు ఆ పిల్ల ముక్కుతో బతికి, ఒక్కసారి కూడా నాకు తెలియదు, నువ్వు చెప్పమ్మా అని అడగలేదు. భాయ్‌కి ఆ ఒండ్రు పీల్చినప్పుడు వేయని సిగ్గు ఇప్పుడు వేసింది.

జేబులోంచి ఫోను తీసి దేవరాజులుకు చేశాడు. చాలాసేపు మోగాక ఎత్తాడు. వెనక బస్సు చప్పుడు వినబడుతోంది, మనిషి మాత్రం మాట్లాడటం లేదు.

"నాతో మాట్లాడొద్దులే రాజులూ" అన్నాడు భాయ్. "వరదమ్మ బండి సంగతి. ముక్కుండే మనిషికి ఇస్తా ఉండా, విను."

ఫోను అంబ్రీన్‌కు ఇచ్చాడు. ఆమె దాన్ని చెవికి ఆనించుకుని, గొంతు సవరించుకుంది.

"మామా, బండి మంచిదే. అయినా నా ముక్కు ఒక్కటే చాలదు, రేపు మెకానిక్కును గూడా తోడుకోని పోదాం."